తలకిందుల పొర

తెల్ల ముసుగు, తెల్ల తొడుగు, తెల్ల జోళ్ళు. ఆ గదిలో మనిషికి బయట మిగిలేవి కళ్ళు మాత్రమే.

ఆమె కళ్ళు పట్టకారు చివరనున్న పలక మీద ఉన్నాయి. పలక మీద పొర. తల వెంట్రుకని నిలువునా వంద చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతో, అంత మందం.

కరెంటు తగిలితే వణుకుతుంది. వణికిస్తే కరెంటిస్తుంది. బాకీ ఉంచుకునే రకం కాదు.

ఇలాంటివి రెండు పొరలు. ఒకటి దూకుడు: గట్టిగా వణుకుతుంది, వేడెక్కితే శ్రుతి తప్పుతుంది. రెండోది నిదానం: వణుకు తక్కువ, మాట తప్పదు.

రెంటినీ అతికించి, ఫోన్‌కి వచ్చే సిగ్నళ్ళని వడకట్టే ఆవగింజంత డబ్బాలో ఆ వణుకుని బయటికి పోకుండా బంధించాలి. అదీ ఆమె ఉద్యోగం.

అందుకే ప్రయోగశాల పెద్దసారు ఆమెకి పెళ్ళిళ్ళ పేరమ్మ అని పేరు పెట్టాడు.

పెద్దసారు గొంతుకి సన్నం తెలియదు.

"పేరమ్మా! ఈ సంబంధం కూడా తప్పిపోయిందా, ప్రాజెక్టు మూసేస్తారు. హాయిగా మీ ఆయన దగ్గరికెళ్ళి కాపురం చేసుకో. కుదిరిందా, కాపురం మాతోనే!"

"మధ్యలో మానేస్తే సార్?"

"బాండు రాసిచ్చావుగా. బాజా నేను మోగిస్తా!"

భర్తా, పాపా వేరే ఊళ్ళో. పాప ఆమెకి ఆదివారాలు దొరుకుతుంది. మిగతా రోజులు ఫోన్‌లో.

పొరకి వెల్లకిలా, బోర్లా ఉంటాయి. రెండు పొరలూ ఒకే వైపు చూడాలి. ఎదురెదురుగా పెడితే, ఒకటి ఉబ్బుతుంటే ఇంకోటి ముడుచుకుంటుంది. కూడితే సున్నా. చప్పుడు లేని కాపురం.

ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

ఆమె పట్టకారుని ఒక్కసారి తిప్పింది.

అదిమి అతికించే యంత్రం తలుపు మూసుకుంది.

మర్నాడు కొలత బల్ల దగ్గర, తెర మీద గీత నడిచింది. లేవాల్సిన శ్రుతి దగ్గర లేవలేదు. బల్లపరుపు.

ఆమె ఊపిరి వదిలింది. ముసుగు ఉబ్బింది.

"రాలేదు సార్."

"ఏదీ, జరుగు! పొర మీద పొర వేశావా, పొరపాటు మీద పొరపాటా?"

పెద్దసారుకో అలవాటు. పోయిందని చెప్పేముందు ఒళ్ళంతా తడిమి చూడాలంటాడు. గీతని పై శ్రుతుల వైపు జరిపాడు. ఇంకా పైకి.

రెట్టింపు శ్రుతి దగ్గర, సూది నిలబెట్టినట్టు, ఒక్క గీత.

ఆయన తెర మీదికి వంగాడు.

"తిప్పి వేశావా?"

ఆమె కళ్ళు దించుకుంది. దాచుకోవడానికి ఇంకేం లేవు.

"వేశాను సార్."

తిట్ల కోసం చూసింది. పొమ్మంటాడనీ చూసింది.

"కింది శ్రుతి చచ్చి పై శ్రుతి లేచింది! రేపటి ఫోన్లకి కావలసింది ఆ పైదే తల్లీ! ఇంతమందిమి ఉన్నాం, ఒక్కడికీ తట్టలేదే! నీకెలా తట్టింది?"

నిజం చెబితే దొంగ. చెప్పకపోతే మేధావి.

"ఊరికే సార్. చూద్దామని."

"ఊరికేనట! ఇక నిన్ను ఏ ఊరికీ పంపేది లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. చేతి తొడుగులతో కొడితే దుప్పటి దులిపినట్టు ఉంటుంది.

బయటికొచ్చి, ముసుగు విప్పి, అలమారలోంచి ఫోన్ తీసింది.

"ఏమైంది?" భర్త.

"వచ్చింది."



"మంచిదేగా," అన్నాడు. "మంచిదే."

ఆయన వెనకనించి పాప: "నాన్నా, పాడైందా?"

"లేదమ్మా. బాగానే ఉందట."