మళ్ళీ చెప్పు బాబూ

"సరిగ్గా వినపడలేదు బాబూ, మళ్ళీ చెప్పు."

హాట్‌లైన్‌లో ఆ మాట వినగానే ఎక్స్‌ప్రెస్‌కి ఒళ్ళు మండింది. పొద్దుటినుంచి ఇదే వరస.

ఎక్స్‌ప్రెస్ అనేది అతని అసలు పేరు కాదు. విమానాలను దారి నడిపే కంట్రోలర్‌గా శిక్షణకు వచ్చిన మొదటిరోజే, అతని మాటల జోరు చూసి అందరూ కలిసి పెట్టిన పేరు.

తమ హద్దు దాటి పక్క సెంటర్ ఆకాశంలోకి వెళ్ళే ప్రతి విమానం గురించీ ముందే ఈ హాట్‌లైన్ ఫోన్లో చెప్పాలి. ఎంత ఎత్తులో వస్తోందో, ఎన్నింటికి వస్తోందో. అవతలివాళ్ళు "సరే" అంటేనే అప్పగింత పూర్తయినట్టు.

ఎక్స్‌ప్రెస్ విసుగ్గా విమానం వివరాలున్న చీటీని దగ్గరికి లాక్కుని, ఒక్కో అంకే ఒత్తి పలికాడు.

"సరే బాబూ," అంది అవతలి గొంతు.

ఆ గొంతు మనిషిని అతనెప్పుడూ చూడలేదు. ఎక్కడో ఇంకో ఊళ్ళో కూర్చున్న పెద్దాయన. 'మళ్ళీ మాస్టారు' అని అతనే పేరు తగిలించాడు.

నిజానికి మాస్టారి మీద కోపం కన్నా పక్క సీటు మీద కుళ్ళు ఎక్కువ. అక్కడ నిదానం కూర్చుంటుంది. అతనితోపాటే శిక్షణకు వచ్చిన అమ్మాయి, ఆమెకీ మాటతీరు చూసి పెట్టిన పేరే అది. ఆమె ఫోన్ చేస్తే అదే గొంతు "సరే తల్లీ" అంటుంది, అంతే. మళ్ళీ అడగడమన్న మాటే లేదు.

ఇద్దరిలో ముందు పాసైనవాళ్ళకే ఇక్కడి రాడార్ సీటు. రెండోవాళ్ళు ఏదో చిన్న ఎయిర్‌పోర్టుకి పోవాలి. అల్లుడు ఆకాశాన్ని ఆడిస్తున్నాడని ఎక్స్‌ప్రెస్ మామగారు ఇప్పటికే చుట్టాలందరికీ చాటింపు వేసేశారు.

వెనక కూర్చుని అన్నీ వినే ఇన్‌స్ట్రక్టర్, "ఆ అమ్మాయి లైను చూడు, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నప్పుడల్లా ఎక్స్‌ప్రెస్ కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు.

ఒకరోజు క్యాంటీన్‌లో ఇక ఉండబట్టలేక ఇన్‌స్ట్రక్టర్ ముందు కక్కేశాడు.

"ఆ పెద్దాయనకి చెవుడండీ. ఆయన వల్ల నా టైమంతా పోతోంది."

"మరి ఆ అమ్మాయి మాట వినపడుతోందిగా?"

"ఆడపిల్ల గొంతు కద సర్. చెవులు వాటంతటవే తెరుచుకుంటాయి."

ఇన్‌స్ట్రక్టర్ నవ్వలేదు.

"ఆలోచించి చెప్పు. కంట్రోలర్‌కి వినపడటంలేదని ఎవరన్నా సరే, నేను పైకి చెప్పి తీరాలి. నిజంగా వినపడకే అడుగుతున్నాడంటావా?"

"ఇంకెందుకు అడుగుతాడు సర్?"

వారం తిరక్కుండా ఆ పెద్దాయన్ని చెవి పరీక్షకి పిలిచారు. హాట్‌లైన్‌లోకి కొత్త గొంతు వచ్చింది. చురుకైన గొంతు. ఎక్స్‌ప్రెస్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నం విమానాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఎక్స్‌ప్రెస్ ఫోనందుకుని గడగడా చెప్పేశాడు.

"పదిహేను వేల అడుగుల్లో మీ హద్దుకొస్తోంది."

"తప్పు," అంది కొత్త గొంతు. "నా తెర మీద పదమూడు వేలు కనిపిస్తోంది. పదిహేనులో నా విమానం ఎదురొస్తోంది. నీది ఎంతలో ఉన్నట్టు?"

చీటీ చూసుకుంటే పదమూడే. వెనకనుంచి ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి ముందుకొచ్చి లైను లాక్కుంది.

ఆ లైను మీద ప్రతి మాటా రికార్డవుతుంది. తన పొరపాటు తనే దిద్దుకుంటే లెక్కలోకి రాదు. అవతలివాళ్ళు పట్టుకుంటే వస్తుంది. అలాంటివి ఎక్స్‌ప్రెస్‌వి ఇంకొన్ని కూడా పట్టుబడ్డాయి.

రాడార్ సీటు నిదానానికి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతని చేతులూ కొట్టాయి.

"నీకేం," అన్నాడు ఆమెతో. "మళ్ళీ మాస్టారు నిన్నెప్పుడూ సతాయించలేదు."

"ఎందుకు సతాయించలేదు? మొదట్లో 'మళ్ళీ చెప్పు తల్లీ, మళ్ళీ చెప్పు తల్లీ' అని నా ప్రాణం తోడేశాడు."

"మరి ఎలా మానిపించావ్?"

"తప్పు చెప్పడం మానేశాను."

అతను అర్థంకానట్టు చూశాడు. ఆమె ఆశ్చర్యపోయింది.

"అదేంటి, నీకు తెలుసనుకున్నానే. ఆయన అడిగాక నువ్వు రెండోసారి చెప్పేది, మొదటిసారి చెప్పింది కాదుగా?"

ఎక్స్‌ప్రెస్ నేరుగా ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి పరిగెత్తాడు.

"ఆయన్ని వెనక్కి పిలిపించండి సర్. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. తప్పు నాదేనని ఎవరి ముందైనా ఒప్పుకుంటాను."

"చెవులు బాగున్నాయని పరీక్షలోనే తేలింది. తేలుతుందనే నేనూ ధైర్యంగా పైకి చెప్పాను."

"మరి సీట్లోకి రాలేదేం?"

"చెవులు బాగుంటే అస్తమానం మళ్ళీ చెప్పమని ఎందుకడిగావని నిలదీశారట. ఆయన కారణం చెబితే టేపులన్నీ తీసి వింటారు. నీ అంతట నువ్వు దిద్దుకున్నావనుకున్నవన్నీ ఆయన దిద్దించినవని తేలుతుంది. అప్పుడు నీకు ఆ చిన్న ఎయిర్‌పోర్టు కూడా దక్కదు."

"మరి ఆయనేం చెప్పారు సర్?"



"'ఆ పరీక్షల సంగతి నాకు తెలీదు సార్, నాకైతే వినపడటం లేదు' అని చెప్పి, హెడ్‌సెట్ అక్కడ పెట్టేసి ఇంటికెళ్ళిపోయాడు."