ఏసీ గదిలో స్కోరు

"నిన్న దారి మధ్యలో మ్యాపు కదలకుండా బిగుసుకుపోయింది మేడం," అంటూ అంబులెన్సు డ్రైవరు ఫోను అధికారిణి బల్ల మీద పెట్టాడు.

అంబులెన్సులకి ఫోన్లు పరీక్షించి ఎంపిక చేసింది తనే. వేగం కొలిచే బెంచ్‌మార్క్ యాప్ మళ్ళీ నడిపింది. ఎంపిక చేసిన రోజులాగే మిగతా ఫోన్లన్నిటికన్నా ఎక్కువ స్కోరు.

"చూశారా, ఫోను బంగారంలా ఉంది!"

"ఇది ఏసీ గది మేడం. ఓసారి నా బండిలోకి రండి."

బండి ముందద్దం దగ్గర స్టాండులో, ఎండ తగిలేచోట ఫోను పెట్టి యాప్‌ని వరసగా నడిపించింది. మొదటిసారి అదే స్కోరు. మూడోసారికి తగ్గింది. ఆరోసారికి సగానికి పడిపోయింది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

ఎండకి వేడెక్కి ఫోను నెమ్మదిస్తోంది. చల్లటి గదిలో తను ఒక్కసారి నడిపి, ఆ అంకె చూసి, నలభై బండ్లకి ఇదే ఫోనని సంతకం పెట్టేసింది.

"నిన్న... బండిలో ఉన్నాయన?"

"బతికాడు. నాకు దారులన్నీ కంఠతా వచ్చు." డ్రైవరు గొంతు తగ్గించాడు. "పొద్దున కొత్తవాళ్ళు ముగ్గురు బండ్లు తీశారు మేడం. వాళ్ళకి ఆ ఫోను చూపించిందే దారి."

"టైమెంత?"

"పదిన్నర."

ఎండ ఇంకా ముదరనేలేదు, అప్పుడే స్కోరు సగానికి పడింది.