ఉడుత రాసిన మొదటి నవల

ఒక ఇప్పతోపులో ముసలి గోరువంక కథలు రాయడం నేర్పేది. దాని దగ్గర చదువుకునే ఉడుత ఒకటి పొద్దున పాఠం విని, మధ్యాహ్నం తాటాకుల మీద తన మొదటి నవల రాసుకునేది. వరదలో వాగు దాటి వచ్చిన తన అమ్మమ్మ కథ అది.

సంభాషణల పాఠం విన్న రోజు మొదటి అధ్యాయంలో మాటలన్నీ మార్చేది. వర్ణనల పాఠం విన్న రోజు మళ్లీ అదే అధ్యాయం దిద్దేది. ఎండాకాలం అయిపోవచ్చినా రెండో అధ్యాయం మొదలే కాలేదు.

"పంతులమ్మా, చదువూ రాతా రెండూ నావల్ల కావడం లేదు. పాఠాలు మానేస్తాను," అంది ఉడుత దిగులుగా.

"మానకు తల్లీ. ఈ రోజు నేర్చుకున్నది ఈ రోజు రాసే ఆకులో వాడు. కథ ముగిసేదాకా నిన్నటి ఆకు జోలికి పోకు," అంది గోరువంక.

దిద్దాలని మనసు లాగుతున్నా ఉడుత ఓర్చుకుంది. పాఠం ఒక్కటీ మానలేదు. చలికాలానికి నవల పూర్తిచేసి, తోపులో అందరికీ చదివి వినిపించింది.

"రెండో అధ్యాయం కాస్త తడబడింది," అంది కుందేలు.

"అవును, అప్పటికి నాకు అంతే వచ్చు," అంది ఉడుత తలెత్తి. "చివరి అధ్యాయం విన్నావుగా."