నిండు సీసా

మా చెల్లెలు తనూజను ఎండలో కళ్లు తిరిగి పడేదాకా పరిగెత్తించిన దుర్మార్గుడు డ్రిల్ మాస్టారు ఉమామహేష్. నిలదీద్దామని నేరుగా బడికి వెళ్లాను.

ఆయన తనూజ నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. నిండుగా ఉంది.

"పరుగుకి ముందు తాగమని రోజూ సెప్తన్నాను బాబూ. వింతాదేటి?"

"ఏటే, ఎందుకు తాగలేదు?" పక్కనే ఉన్న తనూజను గద్దించాను.

"డయాలసిస్ కాడ అమ్మకి నీళ్లు తగ్గించమన్నారు కదన్నయ్యా. నాకా జబ్బు రాకండా ఇప్పట్నుంచే తగ్గించీసినాను."

తరగతిలోకి తొంగిచూశాను. సగం సీసాలు నిండుగానే ఉన్నాయి; ఆ పిల్లల ఇళ్లలోనూ కిడ్నీ రోగులున్నారు.

ఆ మాట జబ్బుపడ్డ అమ్మకే గానీ పిల్లలకు కాదని ఇంట్లో ఒక్కరమూ చెప్పలేదు.

ఉద్దానం పెద్దలారా, రేపు ఉదయం తొమ్మిదికి బడికి రండి. ఎవరెన్ని నీళ్లు తాగాలో మాస్టారు చెప్పే ఆరోగ్య పాఠం పిల్లల పక్కన కూర్చుని మనం విందాం.