మూల కాసేవాడు

"గీ ఇరవై ఏడోన్ని ఎందుకు తీసేస్తలేరు?" అన్నాడు లచ్చన్న.

మూడోసారి కూడా బంతి వాడి తల మీదుగానే పోయింది. టీవీలో అమెరికా జనం లేచి నిలబడి గోల చేస్తున్నారు. ఇక్కడ గల్ఫ్ దేశంలో అల్ ఐన్ దగ్గర ఇసుకలో, రేకుల క్యాబిన్‌లో, శుక్రవారం మధ్యాహ్నం కడుపునిండా తిని ఏసీ కింద చేరిన పదిమంది కరీంనగర్ మనుషులు మాత్రం ఉసూరుమన్నారు.

క్యాబిన్ అమెరికావాడైన పొడుగు సాహెబుది. నీళ్ల పైపులైను పనికంతా ఆయనే ముదీర్, అంటే మేనేజరు. అక్కడ ఆట జరిగిన నెలకు ఆయనకు అమెరికా నుంచి వీడియో క్యాసెట్ వస్తుంది. వచ్చిన శుక్రవారం పనివాళ్లను పిలిచి మరీ చూపిస్తాడు. ఒక్కడే కూర్చుని చూడలేడట. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఉరికే ఆటకు ఫుట్‌బాల్ అని పేరెందుకో మనవాళ్లకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అయినా చెడుగుడు ఆడి పెరిగినవాళ్లు కదా, ఎవడు ఎవణ్ని ఆపాలో మొదటి వారమే పట్టేశారు. ఇరవై ఏడోవాడి పని మూల కాయడం. ఎదుటివాడు ఉరికొస్తుంటే వాడితోపాటే వెనక్కి పరుగెత్తుతూ, వాడి చేతికి బంతి అందకుండా చూడాలి. చొక్కా వెనక అంకె పైన ఇంకేదో రాసి ఉంది గానీ, వీళ్లకు ఇంగ్లీషులో వచ్చినవి అంకెలే.

సాహెబు బొమ్మను ఆపేశాడు. ఇరవై ఏడోవాణ్ని అందరికన్నా ఎక్కువ తిట్టేది ఆయనే. ఈరోజు పేపరు ముక్క ఒకటి ఊపుతూ డ్రైవర్ హిదాయతుల్లాతో ఏదో అన్నాడు. పెషావర్ హిదాయతుల్లాకు చదువు రాదు గానీ, చెవినపడ్డ ఇంగ్లీషునల్లా హిందీ చేసి, వీళ్ల మధ్య ఉండి నేర్చిన తెలుగును ఇంగ్లీషు చేసి పెడతాడు. వీడు పనికిరాడని, తీసెయ్యమని అక్కడి పేపర్లన్నీ రాస్తున్నాయట. మీరేమంటారో, తీసెయ్యాలంటే చెయ్యెత్తమని సాహెబు అడుగుతున్నాడట.

అందరికన్నా ముందు లచ్చన్న చెయ్యి లేచింది. చెడుగుడులో ఒక్కసారి దొరికితేనే గీత బయట కూర్చోవాలి, వీడు మూడుసార్లు మోసపోయి ఇంకా బరిలోనే ఉన్నాడేమిటని అతని బాధ. మిగతా చేతులు కూడా వరసగా లేచాయి. ముదీర్ ఎటంటే అటనాలని గల్ఫ్‌లో ఎవరికీ నేర్పక్కర్లేదు.

లచ్చన్న పక్కనే కూర్చున్న ఆశన్న చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది. బొమ్మ ఆగినా అతనికి ఆట ఆగలేదు. అతను ఆ పచ్చిక మీదే ఉన్నాడు. మూడేళ్లుగా ఇసుక తప్ప తొక్కని అరికాళ్లకు గడ్డి చల్లగా తగులుతోంది. పైన బంతి, దిగడానికి తొందరేమీ లేనట్టు, నెమ్మదిగా తిరుగుతూ వస్తోంది. తను వెనక్కి, ఇంకా వెనక్కి పరుగెత్తుతున్నాడు. ప్రతి క్యాసెట్‌కూ అతనికి ఇదే వరస. ఒక్క శుక్రవారం చూసిన ఆట వారమంతా కలలోకి వచ్చేది.

లచ్చన్న మోచేత్తో పొడిచాడు. "చెయ్యి లేపు తమ్మీ. నీ సెలవు కాయితం ఆయన బల్ల మీదున్నది."

నిజమే. మూడేళ్ల తర్వాత అడిగిన సెలవు అది. తను చూడకుండానే ఇంటి దగ్గర బిడ్డ నడక నేర్చింది, మాటలూ నేర్చింది. సంతకం పడితే ఇంకో పది రోజుల్లో విమానం ఎక్కొచ్చు. ఇప్పుడు సాహెబుకు ఎదురు చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. అది ఆశన్నకూ తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"అందరు బంతిని జూస్తున్నరు, నేను వాని కాళ్లను జూస్తున్న" అన్నాడు. "ఉరికేటోనికి యాడికి వోవాల్నో ముందే ఎరుక. గీ పిలగానికి ఎరుక లేదు. రెండుసార్లు ఎనక కాపుండాల్సినోడే రాలే, తప్పు వీని మీద వడ్డది. వీడు మంచిగ కాసినప్పుడు ఆ దిక్కు బంతే రాదు. గది ఎవలన్న లెక్కవెడ్తున్నరా?"

హిదాయతుల్లా చెప్పాడు. సాహెబు ముఖం కందిపోయింది. వాడి కాళ్లలో భయం ఉందని, అది తనకు ఇక్కణ్నుంచే కనిపిస్తోందని గట్టిగా అన్నాడు.

"భయమున్నోడు మూడుసార్లు ఓడినంక మళ్ల అదే మూలకు వొయ్యి నిలవడుతడా?"

ఇది చెప్పొద్దని లచ్చన్న సైగ చేసేలోపే హిదాయతుల్లా చెప్పేశాడు. సాహెబు లేచి, బల్ల మీద కాగితాల్లోంచి ఆశన్న సెలవు కాగితం తీసి పట్టుకున్నాడు. ఇక ఖలాస్ అనుకున్నారంతా.

ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడి కోసం నీకెందుకింత తాపత్రయమని సాహెబు అడిగించాడు.

ఆశన్న తల వంచుకుని, సిగ్గుపడుతూ చెప్పాడు. ఈ పిలగాడు గెలిస్తే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాడట. సెలవు దొరికితే ముందు గుడికే పోతాడట, కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తాడట.

లచ్చన్న నుదురు కొట్టుకున్నాడు. నెల కింద అయిపోయిన ఆటకు మొక్కేమిటని విసుక్కున్నాడు. అయినా పిల్లల కోసం మొక్కేది కన్నవాళ్లు గానీ, దారినపోయేవాళ్లు కాదన్నాడు. హిదాయతుల్లా ఆ మాటనూ వదలకుండా చెప్పాడు.

సాహెబు మెల్లగా కూర్చున్నాడు. కళ్లజోడు తీసి, టీవీలో ఆగిపోయిన ఇరవై ఏడోవాణ్ని చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, గొంతు తగ్గించి ఏదో అన్నాడు.

హిదాయతుల్లా ఒకసారి టీవీ వైపు, ఒకసారి సాహెబు వైపు చూసి, చివరికి ఆశన్న వైపు తిరిగాడు.

"కోడెను కట్టేటప్పుడు ఆ పిల్లాడి తండ్రి కూడా తాడు పట్టుకోవాలంటే, నీకూ తనకూ కలిపి ఎన్ని రోజుల సెలవు రాయాలని అడుగుతున్నాడు సాహెబు."