ఈ చెంబులోని నీళ్లు

వాడిన నీళ్లనే శుద్ధి చేసి మళ్లీ ఇళ్లకు పంపడం మొదలయ్యాక, బెజవాడలో ప్రతి కుళాయీ అడిగినవాళ్లకు తన నీళ్ల సంగతి చెబుతోంది. ఎవరూ తాకకుండా మడిలో ఉండే మా అత్తగారు లలితాంబ గారు అడగనే అడిగారు. నిన్నటి నుంచి ఆవిడ చుక్క నీళ్లు ముట్టలేదు. ఇవాళ దేవుడి గదిలో కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు.

"నీళ్లన్నీ నీళ్లే కదా అత్తయ్యా," అన్నాను.

"నీకు అన్నీ ఒకటేనమ్మా. దండెం మీది మడిచీరా, నువ్వు బస్సులో కట్టుకెళ్లిన చీరా ఒకటేనంటావా?"

కుళాయి కింద ఆవిడ చెంబు నిండి, ముట్టకుండా అలాగే ఉంది.

"ఆవిడ అన్నది నిజమే," అంది కుళాయి. "నీరు అనే పదార్థానికి గతం లేదు. ఈ చెంబెడు నీళ్లకు ఉంది. మొన్న ఇవి ఆసుపత్రి మురుగులో ఉన్నాయి. ఇప్పుడు వీటిలో ఏ మలినమూ లేదు."

దాని నోరు నొక్కేయాలనిపించింది. కానీ అత్తగారి ముఖం తేటపడింది. ఇన్నేళ్లుగా మేం చాదస్తమని నవ్వి వదిలేసిన మాటను, ఈ ఇంట్లో మొదటిసారి ఒకరు ఆలోచించి ఒప్పుకున్నారు. ఆ గౌరవం ఇవ్వడం నాకెందుకు చేతకాలేదా అనుకున్నాను.

"మరి తాగాక?" అని అడిగారావిడ.

"తాగాక వీటిని విడిగా చూడను. అవి మీరే అయిపోతాయి."

ఆవిడ చెంబు దగ్గరకు జరిగారు.

"నేనెటూ మడిలోనే ఉన్నానుగా," అని చెంబెత్తి గటగటా తాగేశారు.