అందరూ కెప్టెన్ వైపే

"ఒక్క మనిషి కోసం ఇంతమంది కడుపు మాడ్చుకోవాలా?" అని పైలట్ల యూనియన్ అధ్యక్షుడు డీన్ ప్రూయిట్ అడిగేసరికి, అమెరికాలోని డులూత్ విమానాశ్రయం పక్కనున్న హోటల్ హాల్లో గుసగుసలు ఆగిపోయాయి.

ఆ ఒక్క మనిషి ముందు వరసలోనే ఉన్నాడు. కెప్టెన్ ఓర్విల్ హాల్వర్సన్. చేతులకు వణుకుడు జబ్బు వచ్చి, ఇక విమానం నడపడానికి వీల్లేదని డాక్టర్లు తేల్చేశారు. అలాంటివాళ్లకు రిటైరయ్యేదాకా సగం జీతం, ఇంటిల్లిపాదికీ వైద్య బీమా ఇవ్వాలని పాత ఒప్పందంలో ఉంది. ఆ షరతు వదులుకుంటే కో-పైలట్ల జీతాలు బాగా పెంచుతామని ఇప్పుడు కంపెనీ ఎర వేసింది. ఉంచాలా తీసేయాలా అని ఇవాళ రహస్య ఓటు.

ఓర్విల్ లేచాడు. "జీతం పోతే పోనివ్వండి, ఎలాగో బతుకుతాను. బీమా పోతే మా ఆవిడ కాన్సర్ మందులు ఆగిపోతాయి. రేపు మీలో ఎవరి చెయ్యి వణుకుతుందో ఎవరికి తెలుసు?"

"రేపటి సంగతి రేపు, కెప్టెన్. ఇవాళ పిల్లలకి పాలు కావాలి," అని వెనకనుంచి ఒకడు అందుకున్నాడు. "పొద్దున విమానం తోలుతున్నా, సాయంత్రం పిజ్జాలు మోస్తున్నా."

"తెలుసురా నాయనా. నేనూ ఆ జీతంతోనే మొదలెట్టాను."

మాట్లాడుతూనే గ్లాసు అందుకున్నాడు. నీళ్లు చొక్కామీద ఒలికాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

కో-పైలట్ మారిసా కోవాచ్‌కు ఒళ్లు మండింది. "సిగ్గులేదూ మీకు? మంచు తుఫానులో విమానం దించడం మనకి నేర్పిందెవరు? ఇవాళ ఈయన్ని రోడ్డున పడేస్తే రేపు అద్దంలో మొహం ఎలా చూసుకుంటారు?"

నవ్వినవాడు తల దించుకున్నాడు. ఒక్కొక్కరే వచ్చి ఓర్విల్‌ను కౌగిలించుకున్నారు. మా ఓటు మీకేనన్నారు. పిజ్జాలు మోసేవాడు కూడా వచ్చాడు.

"నాదీ మీకే, కెప్టెన్," అంది మారిసా.

"నాకు ఇంతమంది ఉన్నారని ఇవాళే తెలిసిందమ్మాయ్," అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ.

ఓటు చీటీ ముందు పెట్టుకుని మారిసా చాలాసేపు కూర్చుంది. చదువు అప్పు గుర్తొచ్చింది. అద్దె కట్టలేక ఎయిర్‌పోర్టు సోఫాల మీద పడుకోవడం గుర్తొచ్చింది. ఇంతమంది ఆయనకే వేస్తున్నారు, నా ఒక్క ఓటు లేకపోతే ఓడిపోతాడా అనుకుంది. షరతు తీసేయమని గీత పెట్టి, చీటీ మడిచి డబ్బాలో వేసింది.

డీన్ చీటీలు లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు.

"షరతు తీసేయమన్నవాళ్లు అరవై ఇద్దరు. ఉంచమన్నవాళ్లు..." గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ లేరు."

అందరి తలలూ వాలిపోయాయి. కాసేపటికి ఒక్కొక్కటే లేచి, ఓర్విల్ వైపు తిరిగాయి.

మారిసా ఆయన దగ్గరికి వచ్చింది. "కెప్టెన్... మరి మీ ఓటు?"

వెళ్లడానికి కోటు వేసుకుని, గుండీ కన్నంలో పట్టక ఓర్విల్ అవస్థ పడుతున్నాడు.

"మీరంతా నాకే వేస్తున్నారు కదమ్మా," అన్నాడు తలెత్తకుండా, "నాదొక్కటైనా మీకు పడనీ అనుకున్నాను."